ఇత్తడి కత్తెరతో గద్వాల నుంచి లింగాల దాకా

పాలమూరు వైపు పోతున్నానంటే మా ఆవిడ రెండు మాటలు చెప్పింది. ఒకటి, గద్వాల చీర తెమ్మని. రెండు, మైకు దొరికితే వదలవు కదా, అరగంటలో దిగిపొమ్మని. మొదటిది తెచ్చాను. రెండోది నావల్ల కాలేదు. నోరు ఆపుకోలేక ఒక మొగుడూ పెళ్ళాం పరువు నడివీధిలో పెట్టబోయాను కూడా. వాళ్ళ ప్రాణాలు కూడా దానితోనే ముడిపడి ఉన్నాయి. వాళ్ళను అడిగి, పేర్లు మార్చి, ఊరి పేరు చెప్పకుండా రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను, సైంటిస్టుని అసలే కాను. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో ముప్ఫై ఏళ్ళు ఎక్స్‌రే యంత్రం దగ్గర టెక్నీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ప్రోటీన్‌ని ఉప్పు కల్లులా గడ్డకట్టించి దాని మీద ఎక్స్‌రేలు వేస్తే చుక్కలు పడతాయి. ఆ చుక్కల్ని బట్టి లెక్కలు కడితే లోపల ఏ అణువు ఎక్కడుందో తెలుస్తుంది. వైరస్‌ల ప్రోటీన్లను ఇలాగే చూసి, వాటి సందుల్లో సరిగ్గా ఇరుక్కునే మందులు తయారుచేశారు. ఆ కథంతా తెలుగులో పుస్తకంగా రాస్తున్నాను. సంగతి తెలిసి వనపర్తిలో ఒక కాలేజీవాళ్ళు వచ్చి మాట్లాడమన్నారు. నా పాత కారులో ఒక చెక్కపెట్టె పెట్టుకుని బయల్దేరాను. దాని అడుగున బిగించి ఉన్నది నేను పాతికేళ్ళ కిందట ఇత్తడి తీగెతో నా చేతులతో చేసిన బొమ్మ. ఎయిడ్స్ వైరస్‌లో ఉండే ఒక ప్రోటీన్ ఆకారం అది. మా ల్యాబులో అందరూ దాన్ని కత్తెర అనేవాళ్ళం.

గద్వాల

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాక టీ తాగడానికి ఆగాను. కొట్టతను ‘ఏడికి పోతుండ్రు సారు’ అని అడిగి, నేను నోరు తెరవగానే ‘ఆంధ్రానా’ అన్నాడు. తెనాలి అన్నాను. ‘మాటల్నే తెలుస్తుంది’ అని గ్లాసు చేతికిచ్చాడు. పది రూపాయలు. టీ మా వైపు పోసేదాంట్లో సగముంటుంది గానీ అల్లం ఘాటు మాత్రం రెట్టింపు.

గద్వాలలో పొద్దున పూట ఉగ్గాని తింటారు. బొరుగులు నీళ్ళలో ముంచి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. నలభై రూపాయలు. మేం వాటిని మరమరాలంటాం, సాయంత్రం పిల్లలకు పొట్లం కట్టిస్తాం. కడుపు నింపే టిఫిను అవుతుందని ఎప్పుడూ అనుకోలేదు. బజ్జీ ధైర్యంగా కొరికి, ఆ తర్వాత అయిదు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

చీర కోసం తిమ్మప్ప అనే నేతగాడి ఇంటికి వెళ్ళాను. అరవై దాటినవాడు, నెమ్మదస్తుడు. ముందు గదిలో రెండు మగ్గాలు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. నేస్తున్నప్పుడే పోగుకు పోగు తగిలించి రెంటినీ కలుపుతారు. ఆయన భార్యది రాయచూరు వైపు. నన్ను చూడగానే ‘ఊట ఆయ్తా’ అంది. భోజనమైందా అని అడుగుతోందని తిమ్మప్ప చెప్పాడు. బజ్జీ అయిందన్నాను.

గోడకు గళ్ళ కాగితం అంటించి ఉంది. గళ్ళలో ఎర్రరంగు నింపి చిలుక బొమ్మ వేశారు. దాన్ని చూసి నాకు ఉత్సాహం ఆగలేదు. కారు దగ్గరికి పరుగున వెళ్ళి ప్లాస్టిక్ పలకల కట్ట తెచ్చాను. కంప్యూటర్లు లేని రోజుల్లో ప్రోటీన్ ఆకారాన్ని ఇలాగే చూసేవాళ్ళు. ఒక్కో పలక మీద ఒక్కో పొర గీతలు గీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనుంచి చూస్తూ ఆ గీతల మబ్బులో ప్రోటీన్ దారం ఎటు పోతుందో పట్టుకోవాలి. మర్నాడు పిల్లలకు చూపిద్దామని తీసుకెళ్ళాను. ‘మీదీ మాదీ ఒకటే పని’ అన్నాను గొప్పగా.

తిమ్మప్ప అద్దాలు పెట్టుకుని పైనుంచి చాలాసేపు చూశాడు.

“ఇది ఎదురుదిక్కా సారు, ఎనకదిక్కా?”

“అంటే?”

“నేసేటప్పుడు మాకు కనపడేది చీర ఎనకదిక్కు. పువ్వు మొకం కిందికుంటది. మరిచి కాగితం గీస్తే కుడికి సూసే చిలుక ఎడమకు సూస్తది. మీకు గట్ల కాదా?”

మాకట్లాంటి గొడవ లేదన్నాను. అన్నాక అనుమానం వచ్చి పలకల అంచున నంబర్లు చూసుకున్నాను. ఒకటో నంబరు పైనుండాలి, అడుగునుంది. పలకల్ని పైవి కిందికీ కిందివి పైకీ వరస మార్చి పేర్చాను. ప్రోటీన్‌లో దారం కుడివైపు మెలి తిరుగుతుంది. నా కట్టలో ఎడమవైపు తిరుగుతోంది. ఏ ప్రాణిలోనూ లేని ప్రోటీన్‌ని కాలేజీ పిల్లలందరికీ చూపించి ఉండేవాణ్ణి.

“అయితదిలే సారు. నేను గూడ ఒకపారి నాలుగు జానలు నేసినంక సూసిన. అంతా ఇప్పి మళ్ల నేసిన,” అన్నాడు తిమ్మప్ప.

ఏడువేలకు మామిడిపండు రంగు చీర కొన్నాను. బేరం ఆడే మొహం నాకు మిగల్లేదు. ముప్ఫై ఏళ్ళు చేసిన పనిలోనే ఇంత తప్పు చేసినవాణ్ణి ఇంకేం చేస్తానో అని ఆ రోజంతా మనసులో బెరుకు పట్టుకుంది.

వనపర్తి

లాడ్జి గది తొమ్మిదివందలు. నీళ్ళు పొద్దున ఏడు దాకానే వస్తాయని రాత్రే చెప్పారు. నేను ఏడున్నరకు లేచి, బక్కెట్టు నీళ్ళు కింద నుంచి మోయించుకుని తయారయ్యాను.

కాలేజీ హాలు నిండింది. పొగాకు మొక్కకు మచ్చలు తెచ్చే వైరస్‌తో మొదలుపెట్టాను. దాన్ని ఉప్పు కల్లులా గడ్డకట్టించొచ్చని కనుక్కున్నప్పుడు ఇది ప్రాణమా, రాయా అని పెద్ద తగాదా నడిచింది. తర్వాత ఎయిడ్స్ దగ్గరికి వచ్చాను. ఆ వైరస్ తనకు కావలసిన ప్రోటీన్లను ఒకే పొడుగు తాడులా తయారుచేస్తుంది. ఒక చిన్న ప్రోటీన్ కత్తెరలా ఆ తాడును ముక్కలు చేస్తేనే పుట్టిన వైరస్ పనికొస్తుంది. మన కడుపులో తిండి అరిగించే ప్రోటీన్ ఒకటి ఈ కత్తెరకు దూరపు చుట్టం. ఆ చుట్టాన్ని చూసే, ఈ కత్తెర రెండు ఒకేలాంటి సగాలు కలిస్తే అవుతుందని ముందే ఊహించారు. ఎనభైల చివర్లో అసలు ఆకారం బయటపడింది. మొదట ప్రకటించినవాళ్ళు దారంలో ఒక భాగాన్ని తప్పుగా అల్లారు, కొన్ని నెలలకే ఇంకొకరు సరిదిద్దారు. రెండు సగాల మధ్య ఉన్న సొరంగానికి సరిపోయేలా మందు తయారుచేశారు. అది చావు తప్ప దారిలేని జబ్బును మాత్ర వేసుకుంటూ బతికే జబ్బుగా మార్చిన మందుల్లో ఒకటైంది.

ఇక్కడ దిగిపోయి ఉంటే మా ఆవిడ మెచ్చుకునేది. నేను ఫ్లూ వైరస్ తల మీది గుంటకు మందు ఎలా అతికించారో చెప్పాను. కరోనా వచ్చినప్పుడు దాని దాయాది వైరస్ మీద అంతకు ముందే పనిచేసి ఉండటం వల్ల, దాని కత్తెర ఆకారం వారాల్లో ఎలా దొరికిందో చెప్పాను. చివరికి నా సొంత పని చెప్పాను. వైరస్ తన నకళ్ళు తీసుకునేటప్పుడు తప్పులు చేస్తుంది. మందు చాలీచాలకుండా ఉన్న ఒంట్లో, సొరంగం కాస్త వంకరైన కత్తెర ఒకటి పుడితే, మందు అందులో నిలవదు. అదే బతికి తనలాంటి పిల్లల్ని పెంచుతుంది. అలా మారిన కత్తెరల్ని మా యంత్రం ముందు పెట్టి ఎక్కడ వంకర పోయిందో చూడటం నా పని. తొమ్మిదేళ్ళు చేశాను. సీసా మీద నంబరుండేది. ఒక్కో నంబరు వెనక మందు పనిచేయడం మానేసిన మనిషి ఒకరున్నారని తెలుసు. ఎవరని అడగాలని ఒక్కసారీ తోచలేదు.

అయ్యాక పిల్లలు బొమ్మతో ఫోటోలు దిగుతుంటే నలభై ఏళ్ళ ఆమె ఒకరు వచ్చి నిలబడింది. భుజానికి గుడ్డ సంచి. ఇత్తడి తీగె మీద వేలు పెట్టి చూసింది.

“ఇదేనా సారు? నిజంది గింతే ఉంటదా?”

“కంటికి కనపడదమ్మా. కోట్ల రెట్లు చిన్నది.”

“కంటికి కనపడని దానికా మా ఆయన పోయింది.”

ఆమె తన పేరు యాదమ్మ అని చెప్పింది. ఈ జబ్బున్నవాళ్ళ ఇళ్ళకు తిరిగి మాత్రలు వేళకు వేసుకుంటున్నారా లేదా చూడటం ఆమె ఉద్యోగం. “నేను గూడ ఏస్త, పద్నాలుగేండ్ల సంది,” అంది, టైమెంతో చెప్పినంత మామూలుగా.

“మీరు రేపు నాగర్‌కర్నూల్ దిక్కు పోతుండ్రంట. నన్ను జర లింగాల అవతల దింపుతరా?”

“దింపుతాను. పనేంటి?”

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “ఒక మొగుడు పెండ్లాం ఉన్నరు. ఇద్దరికీ ఉంది. మొదటి రకం గోలీలు పనిచెయ్యక రెండో రకం ఇచ్చినం. మీరు చెప్పిన కత్తెర గోలి గూడ అందుల్నే ఉంది. రోజూ ఏస్తున్నమంటరు. గాని ఆయన రక్తం సూస్తే పురుగు మస్తు పెరిగిందని వచ్చింది. ఆమెది ఇంకా తియ్యనే లేదు. ఇద్దరి రక్తం తీసి, గోలి పనిచేస్తుందా లేదా సూసి మార్చాలె. రేపు పన్నెండింటికి మేస్త్రి బండి వస్తుంది, మహారాష్ట్ర కాలువ పనికి. పోయిన్రంటే మళ్ల ఎండకాలమే.”

“ఫోన్ చేయలేదా?”

“వారం సంది స్విచాఫ్. బస్సుల పోతే నాకు యాళ్ల కుదరదు.”

ఎండకాలం దాకా ఆగితే వాళ్ళ ఒంట్లో కత్తెర ఏమవుతుందో నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ హాల్లో లేరు. ఆరింటికి బయల్దేరదామన్నాను.

నాగర్‌కర్నూల్ దాటాక

ఆరింటికి బయల్దేరి ఎనిమిది లోపే నాగర్‌కర్నూల్ చేరాం. చేతిలో బోలెడు టైముందని జొన్నరొట్టె తినడానికి ఆగాను. పళ్ళెమంత రొట్టె, పల్లీల పచ్చడి, ముప్ఫై రూపాయలు. మా వైపు ఇడ్లీ లేకపోతే తెల్లారినట్టే ఉండదు. ఇక్కడ ఈ రొట్టె తిన్నవాడు మధ్యాహ్నం దాకా తిండి మాట ఎత్తడు. యాదమ్మ రొట్టెను కాగితంలో చుట్టించుకుని కారులోనే తింది. ఆమెకు ఆగడం ఇష్టం లేదు. ఆమే నయం. ఊరు దాటి పది కిలోమీటర్లు పోగానే టైరు పంక్చరైంది. స్టెప్నీ తీసి చూస్తే అందులోనూ గాలి లేదు.

నన్ను నేను తిట్టుకోవడానికి అన్ని మాటలూ వాడేశాను. యాదమ్మ రోడ్డు మధ్యకు వెళ్ళి ఒక ట్రాక్టరును ఆపింది. టైరు అందులో వేసుకుని వెనక్కి వెళ్ళి, అతికించుకుని, ఇంకో ఆటోలో వచ్చేసరికి పదింబావు. నేను గడియారం చూసినప్పుడల్లా ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

“భార్యను పంపించకుండా ఆయనొక్కడే పనికి పోవచ్చు కదా. లేదా ఆయన ఆగి ఆమె పోవచ్చు,” అన్నాను కారు నడుపుతూ.

“తీసుకపోడు సారు. గీ పనిల మనిషిని లెక్కబెట్టరు, జోడిని లెక్కబెడతరు. మొగుడు పెండ్లాం కలిస్తే ఒక జోడి. జోడికి ఇంత కూలి, జోడికి ఒక డేరా, జోడికి ఇన్ని బియ్యం. ఒక్కరే వస్తమంటే మేస్త్రికి అక్కరలేదు.”

మా డెల్టాలో నాట్లకు వచ్చే ఆడవాళ్ళను తలలు లెక్కపెట్టి కూలి ఇస్తారు. మొగుడు ఎవరో, ఎక్కడున్నాడో అక్కర్లేదు. మనుషుల్ని జతలుగా లెక్కపెట్టడం నేను మొదటిసారి విన్నాను.

లింగాల దాటాక యాదమ్మ నా వైపు తిరిగి కూర్చుంది. “ఊర్లె మూడు మాటలు అనొద్దు. రోగం పేరనొద్దు, దవాఖాన అనొద్దు, నా పని చెప్పొద్దు. ఈళ్లకు ఉన్నట్టు ఊర్లె ఎవరికీ తెల్వదు. తెలిస్తే నల్లా కాడ బిందె గూడ పెట్టనియ్యరు.”

“మరి నేనెవర్నని చెప్పను?”

“బడి పిల్లలకు సైన్సు బొమ్మ చూపెట్ట వచ్చిన సారు. నేను మహిళా సంఘం పనిమీద వచ్చిన.”

“నాకు అబద్ధాలు అతకవు యాదమ్మగారూ.”

“గారు వద్దు సారు. అబద్ధం గూడ వద్దు. ఊకుండుండ్రి, చాలు.”

నన్ను ఊరుకోమనడం ఎంత పెద్ద పనో పాపం ఆమెకు తెలీదు.

లింగాల అవతలి ఊరు

పదకొండు దాటి పది నిమిషాలకు చేరాం. పన్నెండింటికి రావలసిన మేస్త్రి డీసీఎం వ్యాను అప్పటికే వచ్చి బడి గోడ పక్కన నిలబడి ఉంది. వెనక తలుపు దించి ఉంది. చుట్టూ మూటలు, పారలు, తట్టలు, నల్లబడ్డ గిన్నెలు. ఇరవైమంది దాకా ఉన్నారు. ఒకతను బండి మీదెక్కి టార్పాలిన్లకు తాడు బిగిస్తున్నాడు. యాదమ్మ నా వైపు చూడకుండా దిగి సందులోకి వెళ్ళిపోయింది.

మేస్త్రి నా దగ్గరికి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, తెల్లచొక్కా. “ఎవరు సారు? లేబర్ ఆఫీసా?”

“కాదు, కాదు. సైన్సు బొమ్మ. బడి పిల్లలకు.”

“ఇయ్యాల బడి లేదు. ఆదివారం.”

ఆదివారమని నాకూ గుర్తులేదు, యాదమ్మకూ తోచలేదు. మేస్త్రి కళ్ళు చిన్నవయ్యాయి. డ్రైవర్ని పిలిచి, బండి ఇప్పుడే తీద్దాం, మిగతా వాళ్ళను ఎక్కించమన్నాడు. నేను ఆఫీసరునని అనుకున్నాడు. నావల్ల బండి పన్నెండు దాకా కూడా ఆగేట్టు లేదు. అంతకన్నా ఏమీ తోచక చెక్కపెట్టె తెచ్చి, దించి ఉన్న బండి తలుపు మీదే పెట్టి తెరిచాను. దాన్ని తీస్తే గానీ తలుపు ఎత్తలేరు.

“నిజంగానే బొమ్మ. చూడండి కావాలంటే,” అన్నాను.

జనం మూగారు. ఇత్తడి ఎండకు తళతళలాడింది. ఇది రోగం తెచ్చే పురుగులో ఉండే కత్తెర అని చెప్పాను. ఇవి రెండు సగాలు, ఒక్కటే ఉంటే ఏమీ తెగదు, రెండూ కలిస్తేనే కోత. “జోడి అన్నట్టు,” అంది మూట మీద కూర్చున్న ఒకామె. అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. నాకు ఊపిరి వచ్చింది. చెక్కతో చేసిన మాత్ర బొమ్మ తీసి సొరంగంలోకి తోశాను. అది టక్కుమని పట్టుకుంది. పెట్టెను తలకిందులు చేసి చూపించినా రాలలేదు.

“కరోనా పురుగుదా సారు?” ఎవరో అడిగారు.

జబ్బు పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. “ఇలాంటి కత్తెర దానికీ ఉంది,” అన్నాను. అది అబద్ధం కాదు.

మైకు లేదు గానీ నాకు మైకు దొరికినట్టే అయింది. ఈ మందు కోసం ఎంతమంది ఎన్నేళ్ళు కష్టపడ్డారో చెప్పుకుంటూ పోతున్నాను. అప్పుడు బండి మీద నుంచి మాట వినపడింది.

“సారు. గోలి సగం ఏస్తే?”

తాడు బిగించే అతను. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. తాడు చేతిలోనే ఉంది, బిగించడం ఆపేశాడు.

“నీకెందుకు చెన్నయ్యా, తాడు కట్టు,” అన్నాడు మేస్త్రి.

అతను వినలేదు. “జోడికి ఒక్కటే గోలి ఉందనుకో సారు. చెరిసగం ఏసుకుంటె, సగమన్న ఆగదా కత్తెర?”

యాదమ్మ నాకు పేర్లు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. జనమంతా తలెత్తి అతన్నే చూస్తున్నారు. అతని వైపు తిరిగి జవాబు చెబితే ఆ చూపులు అక్కడే నిలబడిపోతాయి. చెప్పకపోతే ఇంకో గంటలో అతను మహారాష్ట్ర దారిలో ఉంటాడు, సగం మాత్రలతో.

మేస్త్రినే చూస్తూ చెప్పాను. “మంచి ప్రశ్న. ఎవరికైనా వచ్చే అనుమానమే. సగం వేస్తే సగం కత్తెరలు ఖాళీగా ఉంటాయి. పురుగు పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. ఆ పిల్లల్లో ఒకదానికి కత్తెర ఇలా పుడుతుంది.”

సొరంగం అంచున ఉన్న తీగెను బొటనవేలితో గట్టిగా నొక్కి వంచాను. అతికించిన చోట చిట్లిన చప్పుడు వినపడింది. పాతికేళ్ళు గుడ్డతో తుడిచి దాచుకున్న బొమ్మ. మాత్ర తోసి, పెట్టె వంచాను. చెక్కముక్క జారి మట్టిలో పడింది.

చెన్నయ్య బండి మీద నుంచి దూకాడు. ముక్క తీసి, పంచెకు తుడిచి, తనే సొరంగంలో పెట్టాడు. మళ్ళీ పడింది. ఇంకోసారి పెట్టాడు.

“నిండు గోలి ఏస్తే నిలుస్తదిగద సారు?”

“నీ చేతిలో ఉన్నది నిండు మాత్రేనయ్యా. అప్పుడిక నిండుదీ నిలవదు.”

అతను ఆ ముక్కను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అదే సమయానికి యాదమ్మ సందులోంచి వచ్చింది, వెంట అతని భార్య ఈశ్వరమ్మ, ఇంకో పెద్దావిడ. పెద్దావిడ ఇంటి ముందు కూర్చుని మాట్లాడినట్టున్నారు, ఆమె ఇచ్చిన నీళ్ళచెంబు యాదమ్మ చేతిలోనే ఉంది. ఈశ్వరమ్మ ఏడ్చిన మొహంతో ఉంది. చెన్నయ్య ఆమెను చూసి, మేస్త్రి వైపు తిరిగాడు.

“అన్నా, మేం ఇయ్యాల రాము. దవాఖానకు పోవాలె.”

“జోడి తక్కువైతే ఆడ నేనేం చెప్పాలె? దవాఖాన ఎవరికి? ఏం రోగం?”

సగం మాత్ర గురించి ఇతనెందుకు అడిగాడా అని అందరి మొహాల్లోనూ ఆలోచన కనబడుతోంది. మూట మీది ఆమె లేచి నిలబడింది. నేను విప్పిన పెట్టెవల్లే ఇంత దూరం వచ్చింది.

“రోగం నాకు,” అంది యాదమ్మ.

మేస్త్రి ఆమె వైపు తిరిగాడు. “నువ్వెవరు?”

“ఈమెకు అక్కనైత. హెచ్ఐవి. పద్నాలుగేండ్ల సంది గోలీలు ఏస్తున్న. గోలీలు మార్చాలె, ఇంటిమనిషి వచ్చి సంతకం పెట్టాలె అన్నరు. నాకు ఈళ్లు తప్ప ఎవరు లేరు. సగం గోలి ఏసింది గూడ నేనే, గందుకే అడిగిండు.”

మేస్త్రి రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకేం అడగలేదు. మూటలు రెండు కిందికి దించమని డ్రైవరుకు చెప్పాడు. యాదమ్మ పెద్దావిడకు చెంబు తిరిగి ఇవ్వబోయింది. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

“ఉండనియ్యి. నువ్వే తీసుకపో.”

యాదమ్మ మిగిలిన నీళ్ళు పారబోసి, చెంబును కొంగుతో తుడిచి, సంచిలో పెట్టుకుని కారెక్కింది.

మళ్ళీ నాగర్‌కర్నూల్

లింగాల దాటాక వెనక సీట్లోంచి ఈశ్వరమ్మ అంది, “మా కోసం నీ పేరు పాడు జేసుకున్నవక్కా.”

“ఆ ఊర్లె నాకేం ఇల్లుందా, వాకిలుందా. మీకుంది,” అంది యాదమ్మ.

నేను క్షమించమన్నాను. ఆమె ఊరికే వదల్లేదు. “పెట్టె తియ్యకుంటె బండి పోతుండె. సగం గోలికి జవాబు చెప్పకుంటె ఆయన దిగకపోతుండె. గాని సారు, ఇంకోపారి ఊకుండుమంటె మాత్రం ఊకుండుండ్రి.”

దవాఖానలో చెన్నయ్య అంతా చెప్పాడు. పోయిన ఏడు ఇరవై రోజుల పని అని తీసుకెళ్ళి మూడు నెలలు ఉంచారు. ఆమె డబ్బా అయిపోయింది, అతని డబ్బాలో కొన్ని మిగిలాయి. బియ్యం తక్కువైనప్పుడు చేసినట్టే చేశారు. వచ్చాక కూడా అదే అలవాటైంది. కూలి పోగొట్టుకోకుండా ఒక్కడే వచ్చి ఒక డబ్బా తీసుకుపోయేవాడు. “జోడికి అన్నీ ఒకటేగద సారు. రోజు ఇడిసిపెట్టలే, గదే నిజం,” అన్నాడు. రోజూ వేస్తున్నామన్న మాట అబద్ధం కాదు. ఆదివారమైనా యాదమ్మ ఫోన్ చేసి రప్పించిన నర్సు ఇద్దరి రక్తం తీసింది. ఇద్దరికీ వేర్వేరు డబ్బాలిచ్చి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు రాసింది. ఈశ్వరమ్మ తన డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. నేను హైదరాబాదు వచ్చేశాను.

నెల దాటాక యాదమ్మ ఫోన్ చేసింది. ఇద్దరూ తన పక్కనే ఉన్నారట, నాకు చెప్పమన్నారట. ఈశ్వరమ్మ రక్తంలో పురుగు కొంచెమే ఉంది, కత్తెర మారలేదు, అదే మాత్ర నిండుగా వేసుకుంటే చాలు. చెన్నయ్యకు మారింది. హైదరాబాదు పెద్దాసుపత్రికి వెళ్ళి మూడో రకం మందు తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఇంకో రకం ఉందో లేదో యాదమ్మకు తెలీదు. నేనూ చెప్పలేకపోయాను.

“ఇద్దరూ చెరిసగమే కదా వేసుకుంది. ఒకరికే ఎలా మారింది?” అన్నాను. నకలు తీసేటప్పుడు పడే తప్పు ఎవరి ఒంట్లో ముందు పడుతుందో చెప్పలేమని, అంతా అదృష్టమని నాకు తెలిసిన సంగతే మళ్ళీ మొదలుపెట్టాను.

ఫోన్ చేతులు మారింది. ఈశ్వరమ్మ గొంతు.

“చేత్తోటి ఇరిస్తే గోలి సమంగ ఇరగదు సారు. పెద్ద ముక్క ఎప్పుడు నాకే ఇస్తుండె. నేను సూస్తనే ఉంటి. ఒక్కనాడన్న వద్దనలే.”